పాత పికప్పు అమ్మకం: మకాంలోని ఇంజనును తూకానికి ఇవ్వకండి

వాహనదారుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర వశిష్ఠ గట్టున ఉన్న ఊరు. 1974లో మా నాన్నగారి పేరున రిజిస్టరైన మహీంద్రా ఎఫ్‌సీ పికప్పు, అంటే ముందు బానెట్టు లేకుండా బల్లపరుపు ముఖంతో ఉండే బండి, మా ఇంట్లో ఉంది. సీ బుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకంలో, దానిని సరుకు రవాణా వాహనంగా రాశారు. మా కొబ్బరికాయలు అంబాజీపేటకూ, అరటి గెలలు రావులపాలానికీ దాని మీదే వెళ్ళేవి. 1996లో నాన్నగారు పెట్రోలు ఇంజను దింపించి, పాత జీపు తాలూకు ప్యూజో డీజిల్ ఇంజను ఎక్కించారు. ఆయన 2017లో కాలం చేశారు. ఆ తరవాత నేను సరదా కొద్దీ పవర్ స్టీరింగు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెడల్పు టైర్లు, అల్లాయ్ రింగులు, తోలు సీట్లు, వెనక బాడీకి టేకు పలకలు, రెండు రంగుల పెయింటు చేయించాను. మొత్తం 7 లక్షల 40 వేల రూపాయలు అయింది. ఫిట్‌నెస్ పత్రం గడువు 2021లో అయిపోయింది. 2022 జూలై వరదలో బండి రెండు రోజులు చక్రాల లోతు నీళ్ళలో ఉంది. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఒకరు కొంటామంటున్నారు. ఎంత చెప్పాలి? 50 ఏళ్ళు దాటింది కనుక వింటేజ్ కింద నమోదు చేయిస్తే ఎక్కువ పలుకుతుందా? పేరు మార్పు ఫారాల మీద నాన్నగారి సంతకం నన్నే పెట్టేయమనీ, మిగతాది తాను చూసుకుంటాననీ బ్రోకరు అంటున్నాడు. మకాంలో, అంటే పొలం దగ్గరి పాకలో, పడి ఉన్న పాత పెట్రోలు ఇంజనును ఇనప సామాన్లవాళ్ళు తూకానికి అడుగుతున్నారు. అది ఇచ్చేయవచ్చా?
— ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ బండి విలువ చాలావరకు ఆ మకాంలోనే ఉంది. ఆ ఇంజనును ఎట్టి పరిస్థితిలోనూ తూకానికి ఇవ్వకండి. సీ బుక్కులో ఛాసిస్ నంబరు పక్కన రాసి ఉన్న ఇంజను నంబరు దానిదే తప్ప, ఇప్పుడు బండిలో ఉన్న డీజిల్ ఇంజనుది కాదు. అంటే, చట్టం దృష్టిలో మీ దగ్గర ఉన్నది సగం బండి, మిగతా సగం మకాంలో ఉంది. ఈ రెండూ కలిసిన నాడే అది అమ్మదగిన వాహనం అవుతుంది.

ఈ రోజు సాయంత్రమే ఒక పని చేయండి. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో, నీళ్ళ పంపు బిగించే చోటి వెనక బ్లాకు మీద పేరుకున్న గ్రీజునూ మట్టినీ మెత్తగా తుడవండి. వైరు బ్రష్షు గాని గ్రైండరు గాని దగ్గరికి రానీయకండి, ఎందుకంటే గీకిన ఆనవాలు కనబడితే నంబరు దిద్దారన్న అనుమానం బ్రేకు ఇన్‌స్పెక్టరుకు, అంటే బండ్లను తనిఖీ చేసే రవాణా శాఖ అధికారికి, రావడం సహజం. అంకెలు బయటపడ్డాక పలచని కాగితం అదిమిపెట్టి మెత్తని పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. ఛాసిస్ నంబరుకూ అలాగే అచ్చు తీసి, రెండింటినీ సీ బుక్కుతో అంకె అంకెకూ సరిచూసుకోండి. నేను తణుకులో షెడ్డు నడిపే రోజుల్లో, ఎవరో గుమాస్తా 3ను 8గా రాసిన పాపానికి ఒక జీపు బేరం నాలుగు నెలలు ఆగిపోయింది. కొనేవారు చూసే లోపే మీరు చూసుకోవడం మేలు.

ఆ ఇంజను మామూలుది కూడా కాదు. ముందు ముక్కు లేని ఈ ఎఫ్‌సీ రకాన్ని అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో బయటికి తెచ్చింది. రూపం దిద్దినవారు బ్రూక్స్ స్టీవెన్స్. అక్కడ 1965లో తయారీ ఆగిపోయినా మన దేశంలో మహీంద్రా వారు ఆ తరవాత కూడా చేశారు. వాటిలో వాడిన హరికేన్ అనే 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనులో, గాలిని లోపలికి తీసుకునే వాల్వులు పైన హెడ్డులోను, పొగను బయటికి పంపేవి పక్కన బ్లాకులోను ఉంటాయి. పాత జీపుల మీద మక్కువ ఉన్నవారు వెతికేది ఈ ఇంజను కోసమే. ఇన్నేళ్ళు కదలకుండా ఉన్నందువల్ల పిస్టన్లు పట్టేసి ఉండవచ్చు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క రంధ్రంలో కొద్దిగా డీజిల్ కలిపిన ఆయిలు పోసి వారం రోజులు వదిలిపెట్టి, ఆ తరవాత చేత్తోనే మెల్లగా తిప్పించండి. తొందరపడి బ్యాటరీ తగిలించి స్టార్టరు కొట్టిస్తే, పిస్టన్ రింగులు విరిగే ప్రమాదం ఉంది.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకొని, ఆ మార్పును పత్రంలో ఎక్కించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బండి మౌలిక స్వరూపం మారే మార్పులు చెల్లవని తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణలో, ఇలాంటి మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చని చేర్చారు. అమెరికాలో 1950ల నాటి షెవర్లే పికప్పుకు కొత్త ఇంజను వేసి, బాడీ కిందికి దించి, మెరిసే రంగు పూసి అమ్మడం దర్జా అయిన అభిరుచి. ఆ వీడియోలు చూసి మన కుర్రాళ్ళు ఇక్కడ అదే చేయబోతున్నారు. అక్కడ ధరను పెంచే మార్పే ఇక్కడ బండిని రోడ్డెక్కనీయకుండా చేస్తుంది.

వింటేజ్ విషయానికి వస్తే, మీ ఆశ తీరేది కాదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల సొంత వాహనాలకే వర్తిస్తాయి. ఛాసిస్సు, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలోనే ఉంచి ఉండాలి. కొత్తగా నమోదు చేసేందుకు 20 వేల రూపాయల రుసుము తీసుకొని, వీఏ అక్షరాలున్న నంబరు 10 సంవత్సరాలకు ఇస్తారు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ వాడుకోవచ్చు గాని, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. మీ బండికి వయసు సరిపోయినా, సరుకు వాహనంగా నమోదై ఉండటం, మార్పులు జరగడం అనే రెండు అడ్డంకులున్నాయి. బేరంలో వింటేజ్ అన్న మాట ఎత్తకండి. తెలిసిన కొనుగోలుదారు అయితే ఆ ఒక్క మాటతో మిగతా మాటలు కూడా నమ్మడం మానేస్తాడు.

బ్రోకరు చెప్పిన సంతకం సంగతి మరీ ఘోరం. కాలం చేసిన వ్యక్తి సంతకం మరొకరు పెట్టడం ఫోర్జరీ, అది నేరం. జైలు దాకా వెళ్ళేది మీరే గాని బ్రోకరు కాదు. యజమాని మరణించినప్పుడు వారసుడు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా తన పేరుకు మార్చుకోవాలని నిబంధన ఉంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయినా, ఆలస్య రుసుము కట్టి ఇప్పుడైనా చేయించుకోవాల్సిందే. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మీ అమ్మగారూ అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ ఇచ్చే అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. చేతిరాత సీ బుక్కులోని వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయో లేదో కూడా బ్రేకు ఆఫీసులో, అంటే రవాణా శాఖ కార్యాలయంలో, ముందే కనుక్కోండి. ఎక్కకపోతే ఆ పని జరిగేదాకా మిగతా ఏ పనీ కదలదు.

వరుస ఇలా పెట్టుకోండి: మొదట కాగితం మీ పేరుకు రావాలి, అదే సమయంలో పెట్రోలు ఇంజను బాగుచేయించి బండిలో కూర్చోబెట్టాలి, ఆ తరవాత ఇన్సూరెన్సు కట్టి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళాలి. ఫిట్‌నెస్ లేని సరుకు వాహనాన్ని చట్టం సక్రమంగా రిజిస్టరైన వాహనంగా లెక్కించదు కనుక, పరీక్షకు కూడా దానిని నడుపుకుంటూ కాకుండా ట్రాలీ మీద తీసుకెళ్ళడం క్షేమం. ఇంజను మారుస్తున్నప్పుడు మీకు ఒక చిక్కు ఎదురవుతుంది. పవర్ స్టీరింగు పంపు డీజిల్ ఇంజను బెల్టుతో నడుస్తుంది కనుక, ఇంజనుతోపాటు అదీ దిగిపోతుంది. పాత స్టీరింగు పెట్టె ఉంటే దానినే బిగించండి. డిస్క్ బ్రేకులు తేలిగ్గా పడేలా చేసే బూస్టరుకు కావలసిన వాక్యూమ్ డీజిల్ బండిలో ఆల్టర్నేటరు వెనక ఉన్న పంపు నుంచి వస్తుంది, పెట్రోలు ఇంజనులో అయితే గాలి లోపలికి వెళ్ళే గొట్టం, అంటే మానిఫోల్డు, నుంచి తీసుకోవచ్చు. కాబట్టి ఆ బ్రేకులను నిలుపుకొనే వీలుంది. అయినా ఆ మార్పును ఇన్‌స్పెక్టరుకూ కొనేవారికీ దాచకుండా చెప్పండి. వెడల్పు టైర్లు, అల్లాయ్ రింగులు మాత్రం తీసేయించి, పాత ఇనప రింగులు ఎక్కడున్నాయో వెతికించండి. ఇలాంటివి మన వైపు సాధారణంగా బావగారి ట్రాలీకి తగిలించి ఉంటాయి. అల్లాయ్ రింగులు ఆయనకిచ్చి అవి తెచ్చుకోండి.

ధర విషయంలో మీరు 7 లక్షల 40 వేల దగ్గర లెక్క మొదలుపెడితే, ఏ బేరమూ తెగదు. కొనేవారు తన సరదాకు డబ్బిస్తారు గాని మీ సరదాకు ఇవ్వరు. రెండు రంగుల పెయింటు, తోలు సీట్లు, రింగులు, అన్నింటినీ కొన్నవారు మొదటి నెలలోనే మార్పిస్తారు. వాటిని లెక్కలో సున్నాగా వేయండి. బ్రేకులు, టేకు పలకలు, బాగుచేయించిన ఇంజను, కొత్త వైరింగు, వీటికి బిల్లులుంటే కొంత విలువ వస్తుంది. కాగితాలు సరిగ్గా ఉన్న, మార్పులు లేని ఇదే రకం బండ్లు గత ఏడాదిలో ఎంతకు పోయాయో పాత జీపులు బాగుచేసే రెండు మూడు షెడ్లలో కనుక్కొని, ఆ ధర దగ్గర మొదలుపెట్టి, మీ బండిని ఆ స్థితికి తేవడానికి కొనేవారికి అయ్యే ఖర్చును అందులోంచి తీసేయండి. మిగిలిన మొత్తం మీకు బాధ కలిగించవచ్చు. కాని నిజమైన ధర అదే. దించిన డీజిల్ ఇంజను విడిగా కొంత తెచ్చిపెడుతుంది. దానిని రసీదు రాసి, కొన్నవారి గుర్తింపు కార్డు నకలు తీసుకొని మాత్రమే ఇవ్వండి.

వరద సంగతి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు గాని, చెప్పమనే నా మాట. మన డెల్టా బండి అనగానే తెలిసినవారు ముందు ఛాసిస్సు కిందికి దూరతారు. ఛాసిస్ కమ్మీకి ఉన్న రంధ్రంలో వేలు పెట్టి లోపల తడిమితే, గోదావరి ఎర్రనీటిలో నిలిచిన బండి అయితే పిండిలాంటి ఒండ్రు గోటికి అంటుకొని వస్తుంది. పైన ఎంత పెయింటు వేసినా అది అక్కడే ఉంటుంది. ఆ ఒండ్రు తేమను పట్టి ఉంచుతుంది కనుక, ఇనుము బయటి నుంచి కాక లోపలి నుంచి తినేస్తుంది. చిన్న సుత్తితో కమ్మీ పొడవునా తడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము గంటలా పలుకుతుంది, తినేసిన చోట చప్పుడు మట్టికుండ పగిలినట్టు డొల్లగా వస్తుంది. అలాంటి చోట లప్పం పూసి రంగు వేయించడం మోసం. నీళ్ళతో లోపలంతా కడిగించి, ఎండబెట్టి, పోయిన ముక్కను కోయించి కొత్త ఇనుము అతికించి, అతుకు కనబడేలాగే వదిలేయండి. ఛాసిస్ నంబరు ఉన్న చోటికి మాత్రం వెల్డింగు సెగ తగలనీయకండి.

హైదరాబాదు వ్యక్తి కొంటే అది వేరే రాష్ట్రం కనుక, యజమాని పేరు మార్చే 29, 30 ఫారాలతోపాటు ఫారం 28 మీద ఇక్కడి బ్రేకు ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, కావాలి. పన్ను బకాయిలూ చలానాలూ ఉంటే అది రాదు. ఎన్‌వోసీ చేతికొచ్చాకే బండి ఇవ్వండి. అప్పటిదాకా పెద్ద మొత్తం బయానా తీసుకోకండి, ఎందుకంటే మీ కాగితాల పని ఎన్నాళ్ళు పడుతుందో మీ చేతిలో లేదు. బండి ఇచ్చే రోజు స్టాంపు కాగితం మీద ఛాసిస్, ఇంజను నంబర్లు, చేసిన మార్పులన్నీ, వరదలో ఉన్న సంగతి, ఇచ్చిన తేదీతోపాటు గంట కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ సాయంత్రం దారిలో ఏదైనా ప్రమాదం జరిగితే, ఆ గంటే మీకు సాక్ష్యం. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. మన ప్రాంతంలో కొబ్బరి బేరమైనా చెరువు బేరమైనా నోట్ల కట్టల మీదే నడవడం అలవాటు గాని, 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకుంటే, ఆ మొత్తమంతా జరిమానాగా పడవచ్చు.

ప్రశ్న: నాలుగేళ్ళ క్రితం నా పాత పికప్పును బ్రోకరు ద్వారా అమ్మేశాను. సంతకం చేసిన ఫారాలూ ఆర్సీ ఇచ్చేశాను. ఇప్పుడు ఎక్కడెక్కడి చలానాలో నా ఫోనుకు వస్తున్నాయి. నేను అమ్మినప్పుడు లేని పెద్ద లైట్లూ, ముందు ఇనప గార్డూ ఉన్నట్టు ఫోటోల్లో కనబడుతోంది. నాకేమైనా ప్రమాదమా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: ప్రమాదమే. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టానికి వారే యజమాని. బండిని అమ్మేసి చేతులు దులుపుకున్నా, పేరు మారనంత కాలం ప్రమాద పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సు లేని బండి ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం మీ పొలం మీదికి వస్తుంది. ముందు గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది కాబట్టి, ఆ చలానాలు ఇంతటితో ఆగేవి కావు.

అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. మీరు మీ వంతు చేయలేదు. ఇప్పుడైనా అమ్మిన తేదీ, బ్రోకరు వివరాలు, డబ్బు బ్యాంకులో పడిన ఆధారం జతచేసి బ్రేకు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. దాని నకలుతో పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. చలానా ఫోటోల్లో బండి తిరిగే ఊరు కనబడుతుంది కనుక, కొన్నవారి జాడ తెలిస్తే న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అప్పటిదాకా ఆ బండికి మూడో పక్షం (థర్డ్ పార్టీ) ఇన్సూరెన్సు నడుస్తోందో లేదో రవాణా శాఖ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూస్తూ ఉండండి. లేకపోతే మీరే కట్టేయడం నష్టమని నేననుకోను. కోపం వస్తుంది గాని, పరిహారం కేసుతో పోలిస్తే అది చిన్న మొత్తం.

ప్రశ్న: మా రైసు మిల్లు పేరున పాత టాటా మొబైల్ పికప్పు ఉంది. ఊక బస్తాలు ఎక్కువ పట్టాలని బాడీ పలకల ఎత్తు పెంచాం. అమ్మితే జీఎస్టీ కట్టాలా?
— ఒక పాఠకుడు, మండపేట

జవాబు: సొంత పేరున ఉన్న పాత బండిని జీఎస్టీ నమోదు లేని వ్యక్తి అమ్మితే పన్ను లేదు. మీ మిల్లుకు నమోదు ఉంటే, 2025 జనవరి నుంచి పాత వాహనాల మీద 18 శాతం వర్తిస్తుంది. కాని అది మొత్తం ధర మీద కాదు, మిగులు మీద. ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల చూపించి ఉంటే, అమ్మిన ధరలోంచి పుస్తకాల్లో మిగిలిన విలువ తీసేసిన తేడానే మిగులు అంటారు. తేడా లేకపోయినా, నష్టం వచ్చినా పన్ను లేదు. మీది చాలా పాత బండి కనుక పుస్తకాల్లో విలువ దాదాపు మిగిలి ఉండదు, అంటే వచ్చిన ధరంతా మిగులు కిందికే వస్తుంది. బేరం ఆడే ముందే మీ ఆడిటరుతో ఈ మాట తేల్చుకొని, పన్ను ఎవరు భరించాలో కొనేవారితో ముందే చెప్పుకోండి.

పెంచిన పలకల సంగతి వేరు. అవి బండి ఎత్తునూ ఖాళీ బరువునూ మార్చేస్తాయి గనుక ఫిట్‌నెస్ పరీక్షలో అడ్డం పడతాయి. వడ్రంగిని పిలిచి అదనపు పలకలు తీయించి, పాత కొలతకు తెచ్చాకే బండిని చూపించండి. తీసిన పలకలు మిల్లులో ఎక్కడైనా పనికొస్తాయి.